పూలు తీయడానికి ఆగిన కారు

పోర్చుగల్‌లోని అర్రాబిడా కొండల్లో, సముద్రానికి పైన మెలికలు తిరుగుతూ పోయే రోడ్డు. కొత్తగా పెళ్లయిన జంట కారులో వెళ్తున్నారు. కారు నిండా పూలు కట్టి ఉన్నాయి. దారిలో పెళ్లికొడుకు కారు పక్కకు ఆపి, దిగి, ఆ పూలు తీస్తుంటాడు. లోపల కూర్చున్న పెళ్లికూతురు అతనితో కబుర్లు చెబుతుంటుంది. ఇంతలో ఒక మెర్సిడెస్ కారు దూసుకొస్తుంది. దాని కిటికీలోంచి తుపాకీ పేలుతుంది. కారు ఆగకుండా వెళ్లిపోతుంది. కాల్పులు జరిపించినవాడెవడో పెళ్లికొడుకు గుర్తుపడతాడు. వెంటపడదామని గబగబా వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుంటాడు. పక్కకు చూస్తే భార్య ఒరిగిపోయి ఉంది. కారు ముందు అద్దంలో ఒక చిల్లు, ఆమె నుదుట ఒక చిల్లు.

1969 డిసెంబరు 18న లండన్‌లో విడుదలైన 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్' ఇలా ముగుస్తుంది. జేమ్స్ బాండ్ సినిమాల వరుసలో ఇది ఆరోది. జార్జ్ లాజెన్‌బీ బాండ్‌గా నటించిన ఒకే ఒక్క సినిమా ఇది. అంతకుముందు అయిదు సినిమాల్లో షాన్ కానరీ బాండ్ ప్రతిసారీ గెలిచాడు, చివరికి ఒక అమ్మాయి పక్కన నవ్వుతూ కనిపించాడు. ఈసారి అతను శత్రువు కోటను పేల్చేశాడు, లోకాన్ని కాపాడాడు, మనసిచ్చిన అమ్మాయిని పెళ్లి కూడా చేసుకున్నాడు. ఆ తర్వాత చివరి రెండు మూడు నిమిషాల్లో అంతా పోయింది. యాభై ఏళ్లు దాటినా ఈ ముగింపు గురించి ఇంకా మాట్లాడుకుంటున్నారు. షాక్ కోసం చివర్లో అతికించిన మలుపని కొందరు కొట్టిపారేస్తారు. కానీ మొదటి సీను నుంచి జాగ్రత్తగా చూస్తే, ఈ కథకు ఇంకో ముగింపు కుదరదని అర్థమవుతుంది.

తెలుగు ప్రేక్షకుడికి ఈ దెబ్బ ఇంకాస్త గట్టిగా తగలడానికి ఒక కారణం ఉంది. మన సినిమాల్లో పెళ్లి అంటే ముగింపు. విలన్ని పోలీసులు తీసుకుపోతారు, ఇంటిల్లిపాదీ ఒక ఫ్రేములో నిలబడతారు, 'శుభం' కార్డు పడుతుంది. ఆ కార్డు పడకముందే హాల్లో సగం మంది లేచిపోవడం వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో సినిమాలు చూసిన ప్రతివాళ్లకూ తెలిసిన సంగతే. సైకిల్ స్టాండులో రద్దీ కాకముందే బండి తీసుకోవాలి కదా. 1966లో కృష్ణ 'గూఢచారి 116'గా వచ్చి 'ఆంధ్రా జేమ్స్ బాండ్' అనిపించుకున్నాక, గూఢచారి సినిమా అంటే ఎలా ఉంటుందో, ఎలా ముగుస్తుందో ఇక్కడి వాళ్ల మనసులో ఒక లెక్క కుదిరిపోయింది. ఇంగ్లీషు సినిమాలు ఎక్కువగా మార్నింగ్ షోలకు వచ్చే ఆ రోజుల్లో, ఈ సినిమాకు పోయిన మనిషి పెళ్లి సీను చూసి లేచిపోతే, చూసిన సినిమా ఒకటి, ఇంటికి వెళ్లి చెప్పే కథ ఇంకొకటి అవుతుంది. పెళ్లి సీనును అంత నిండుగా, అంత తీరిగ్గా తీయడంలో ఉద్దేశం అదే. బాండ్ పై అధికారి ఎమ్, సెక్రటరీ మనీపెన్నీ, పరికరాలు తయారుచేసే క్యూ, అందరూ ఆ పెళ్లికి వస్తారు. బాండ్ తన టోపీని మనీపెన్నీ వైపు విసురుతాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఇక అయిపోయిందని ఎవరికైనా అనిపిస్తుంది.

ఓరుగల్లు గూఢచారి కథకు కూడా రెండు ముగింపులు ఉన్నాయి. ఇక్కడి పాఠకుడికి ఈ సినిమాను వివరించడానికి వాటికన్నా మంచి దారి దొరకదు. వేదం వేంకటరాయశాస్త్రి 1897లో రాసిన 'ప్రతాపరుద్రీయం' నాటకం, ఒక రకంగా చూస్తే, తెలుగులో మొదటి గూఢచారి థ్రిల్లర్. కాకతీయ ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీ వాళ్లు పట్టుకుపోతారు. మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషం వేస్తాడు. ఢిల్లీ సుల్తానును పట్టుకుపోతానని వీధుల్లో బాహాటంగా అరుస్తూ తిరుగుతాడు. పిచ్చివాడి మాట కాబట్టి ఎవరూ పట్టించుకోరు. రాజు పోలికలున్న చాకలి పేరిగాణ్ణి వాడుకుని ఎత్తు మీద ఎత్తు వేస్తాడు. చివరికి రాజును విడిపించి, అన్నమాట ప్రకారం సుల్తానునే బంధించి తెస్తాడు. మారువేషం, పోలికలున్న మనిషి, శత్రువు ఇంట్లోకే చొరబాటు, అన్నీ అందులో ఉన్నాయి. తెలుగువాళ్లు ఆ నాటకాన్ని తరాలుగా ఆడారు, చదివారు, పాఠాలుగా చెప్పుకున్నారు.

జరిగింది మాత్రం అది కాదు. 1323లో ఉలుగ్ ఖాన్ సైన్యం ఓరుగల్లు కోటను పట్టుకుంది. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకుపోతుండగా సోమోద్భవ నది ఒడ్డున, అంటే నర్మద ఒడ్డున, ఆయన చనిపోయాడని విలస తామ్రశాసనం చెబుతోంది. ఏ యుగంధరుడూ ఆయన్ని తిరిగి తీసుకురాలేదు. ఖిలా వరంగల్‌లో స్వయంభూ ఆలయం కూలిపోయింది. దానికి నాలుగు వైపులా ఉన్న కీర్తితోరణాలు మాత్రం నిలిచాయి. లోపలికి దారి చూపే ద్వారాలు నాలుగూ ఉన్నాయి, అవి చూపించాల్సిన గుడి లేదు. నాటకం ఇచ్చే యుగంధరుడి ముగింపు, చరిత్ర ఇచ్చిన నర్మద ముగింపు, రెండూ ఇక్కడి మనిషికి ఒకేసారి తెలుసు. మొదటిది ఉత్సాహం కోసం, రెండోది నిజం కోసం.

అంతకుముందు వచ్చిన బాండ్ సినిమాలన్నీ యుగంధరుడి ముగింపులే. ఈ సినిమా కూడా దాదాపు రెండు గంటల ఇరవై నిమిషాలు అదే బాటలో నడిచి, ఆఖరు క్షణంలో నర్మద ఒడ్డుకు తీసుకుపోయి వదిలేస్తుంది.

సినిమా మొదలయ్యేదే చావు ప్రయత్నంతో. పోర్చుగల్‌లోనే, సముద్రపు ఒడ్డు. ఒక అమ్మాయి ఒంటరిగా అలల్లోకి నడుచుకుంటూ పోతుంటుంది. బాండ్ ఆమెను ఎత్తుకుని ఒడ్డుకు తెస్తాడు. అంతలో ఎవరో దాడి చేస్తారు. అతను వాళ్లతో కలబడుతుండగా ఆమె కారెక్కి వెళ్లిపోతుంది. ఇసుకలో ఆమె చెప్పులతో నిలబడిన బాండ్, అవతలాయనకు ఎప్పుడూ ఇలా జరగలేదే అంటాడు. ఆ మాట కానరీని గుర్తుచేసే చమత్కారమని అందరూ నవ్వుకుంటారు. అందులో ఉన్న నిజం తర్వాత తెలుస్తుంది. అవతలాయనకు జరగనివి ఇతనికి చాలా జరుగుతాయి. ఆ అమ్మాయే ట్రేసీ. ఆ పాత్రలో డయానా రిగ్ నటించారు. బతకాలన్న కోరిక చచ్చిపోయిన మనిషిగా ఆమె కథలోకి వస్తుంది. సినిమా నడిచేకొద్దీ ఆమెకు బతుకు మీద ఆశ పుడుతుంది, నవ్వడం తిరిగి వస్తుంది. చావు కావాలనుకున్నప్పుడు బాండ్ అడ్డుపడి ఆపాడు. బతకాలనుకున్న రోజున అది కారేసుకుని వచ్చింది, బాండ్ ఆ నిమిషంలో పూలు తీస్తున్నాడు. మొదటి సీనుకూ చివరి సీనుకూ మధ్య ఇంత సూటి ముడి ఉన్న సినిమా ఈ వరుసలోనే ఇంకొకటి లేదు. రెండూ పోర్చుగల్‌లోనే, సముద్రం దగ్గరే జరగడం ఊరికే కుదిరిన సంగతిలా అనిపించదు.

తర్వాత కట్నం సంగతి. చాలా విశ్లేషణలు దీన్ని దాటేసి పోతాయి కానీ, తెలుగు పాఠకుడు దాటేయలేడు. ట్రేసీ తండ్రి డ్రాకో ఒక పెద్ద నేర ముఠాకు నాయకుడు. కూతుర్ని పెళ్లి చేసుకుంటే పది లక్షల పౌండ్లు ఇస్తానని బాండ్‌కు ఆశ పెడతాడు. బాండ్‌కు డబ్బు అక్కర్లేదు, తను వెతుకుతున్న విలన్ బ్లోఫెల్డ్ జాడ కావాలి. ఆ జాడ కోసమే మొదట ట్రేసీతో తిరగడానికి ఒప్పుకుంటాడు. అంటే ఈ ప్రేమకథ ఒక బేరంతో మొదలైంది. ట్రేసీ ఆ సంగతి పసిగట్టి తండ్రిని నిలదీస్తుంది, బాండ్‌కు కావలసిన సమాచారం ఇప్పించి, ఇక నువ్వు వెళ్లొచ్చంటుంది. బాండ్ వెళ్లడు. అక్కడి నుంచే అది నిజమైన ప్రేమ అవుతుంది. పెళ్లినాడు డ్రాకో మాట ప్రకారం సొమ్ము అందిస్తే, అల్లుడు దాన్ని తిరిగి మామ చేతిలోనే పెడతాడు. ఆమె విలువ నీ పది లక్షల కన్నా ఎక్కువని చెబుతాడు. కట్నం అడగడం, ఇవ్వడం నేరమని 1961లోనే చట్టం వచ్చినా మన పెళ్లిళ్లలో ఆ లెక్కలు ఆగలేదు కాబట్టి, ఈ చిన్న సన్నివేశం ఇక్కడ ఇంకా బలంగా తగులుతుంది. బేరం పూర్తిగా రద్దయిన పూటే, ఆ పెళ్లి పెళ్లిగా నిలబడిన పూటే, ఆమె చనిపోతుంది.

విలన్ పథకం కూడా ఈ ముగింపుకు పునాది వేస్తుంది. టెలీ సవాలస్ నటించిన బ్లోఫెల్డ్ స్విట్జర్లాండ్‌లో మంచుకొండ మీద అలర్జీలకు వైద్యం చేసే క్లినిక్ నడుపుతుంటాడు. దాన్ని చిత్రీకరించింది 2970 మీటర్ల ఎత్తున్న షిల్‌థార్న్ శిఖరం మీద. వైద్యం కోసం వచ్చిన అమ్మాయిల మనసులను హిప్నాటిజంతో లొంగదీసుకుని, వాళ్లకు తెలియకుండానే వాళ్ల చేత దేశదేశాల్లో ఒక వైరస్ చల్లించాలన్నది ఎత్తు. ఆ వైరస్ మనుషుల్ని చంపదు. పంటలను, పశువులను గొడ్డువిగా మారుస్తుంది. గింజ మొలవదు, ఆవు ఈనదు. అణుబాంబు కన్నా, రాకెట్టు కన్నా ఈ బెదిరింపు ఇక్కడి మనిషికి బాగా తెలిసిన భయం. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి తోలుకొచ్చే రైతును అడిగితే చెబుతాడు, వేసిన విత్తనం మొలవకపోవడమంటే ఏమిటో. నకిలీ విత్తనాల దెబ్బ తిన్న చేనును చూసినవాళ్లకు బ్లోఫెల్డ్ పథకం కల్పనలా అనిపించదు.

బాండ్ ఆ ఎత్తును పాడుచేస్తాడు. లోకంలో గింజలు మొలుస్తాయి, పశువులు ఈనుతాయి. పెళ్లయి కారులో పోతున్న ఆ ఇద్దరి కబుర్లలో సంసారం, పిల్లలు, ముందున్న రోజులు దొర్లుతుంటాయి. ఆ తర్వాతి నిమిషమే బ్లోఫెల్డ్ వస్తాడు. లోకానికంతా చేయలేకపోయినదాన్ని ఒక్క ఇంటికి చేసిపోతాడు. ఊరందరి విత్తనాన్నీ కాపాడినవాడి చేనులోనే మొలక లేకుండా పోయింది. ఈ పోలిక సినిమాలో ఎవరూ నోటితో చెప్పరు. చెప్పకపోవడమే మంచిదైంది.

బాండ్ సినిమాలంటే మాయ పరికరాలు గుర్తొస్తాయి. ఇందులో అవి దాదాపు లేవు. శత్రువు కొండ మీద బందీగా ఉన్న బాండ్, కేబుల్ కారు నడిచే ఇనుప తాడు మీదుగా తప్పించుకోవాల్సి వస్తే, తన ప్యాంటు జేబులనే బయటికి లాగి చింపుకుని చేతులకు తొడుగుల్లా వాడుకుంటాడు. పెళ్లిలో క్యూ వచ్చి ఏం కావాలన్నా అడగమంటే, ఈసారి పరికరాలు నా దగ్గరే ఉన్నాయని సరదాగా జవాబిస్తాడు. ఆ సరదా మాట వెనక ఒక ఖాళీ ఉంది. 1964లో వచ్చిన 'గోల్డ్‌ఫింగర్'లో బాండ్ నడిపిన ఆస్టన్ మార్టిన్ కారుకు తూటా దూరని అద్దం ఉంటుంది. ఆ సంగతిని క్యూ ప్రత్యేకంగా వివరిస్తాడు కూడా. ఈ పెళ్లి కారు కూడా ఆస్టన్ మార్టినే. కానీ ఇది డ్యూటీ కారు కాదు, సంసారానికి బయల్దేరిన మనిషి కారు. దీని అద్దం మామూలు అద్దం. ఆఖరి షాట్‌లో తెర నిండా కనిపించేది ఆ చిల్లుపడ్డ అద్దమే. మామూలు మనిషిలా బతుకుదామనుకున్న గూఢచారికి మామూలు అద్దమే దక్కింది.

ఇయాన్ ఫ్లెమింగ్ 1963లో రాసిన నవలలోనూ ట్రేసీ చనిపోతుంది. అయితే అక్కడ కారు ఆగదు. పెళ్లి మ్యూనిక్‌లో జరుగుతుంది. ట్రేసీ తన తెల్ల లాన్సియా కారు తనే నడుపుతుంటుంది. వెనక ఒక ఎర్ర మసెరాటీ వస్తుంటే దానితో పోటీ పడదామా అని ఆమె అడుగుతుంది. పోనివ్వు, మనకు బోలెడంత సమయం ఉంది అంటాడు బాండ్. దారి ఇచ్చిన ఆ కారులోంచే కాల్పులు జరుగుతాయి. సినిమా ఈ సంఘటనను మార్చి కారును ఆపించింది. పూలు తీయడానికి ఆపించింది. ఈ మార్పు నవల కన్నా బాగుందని చెప్పక తప్పదు. ఎందుకంటే ఇక్కడ బాండ్ చేతులు ఖాళీగా లేవు, వాటిలో పూలున్నాయి. తుపాకీ పట్టుకునే చేతులు పూలు పట్టుకున్న ఒక్క నిమిషం చాలు. జీవితమంతా వెనక్కి చూసుకుంటూ బతికినవాడు ఒక్కసారి వెనక్కి చూడలేదు.

ఇక ఆ ఆఖరి మాట. మోటార్‌సైకిల్ మీద ఒక పోలీసు వచ్చి ఆగుతాడు. భార్య తల ఒళ్లో పెట్టుకున్న బాండ్ అతనితో చెబుతాడు: ఏం లేదు, అంతా బాగానే ఉంది, ఆమె కాస్త సేదదీరుతోంది, కాసేపట్లో బయల్దేరతాం, తొందరేం లేదు, మాకు లోకంలో ఉన్న సమయమంతా ఉంది. నవలలోనూ దాదాపు ఇవే మాటలు. ఆఖరి వాక్యాన్ని తెలుగులోకి మాటకు మాట తెస్తే కృత్రిమంగా ఉంటుంది. ఓరుగల్లు మనిషి నోట ఆ భావం 'తొందరేమున్నది, మస్తు టైమున్నది' అని వస్తుంది. చాయ్ తాగి పొమ్మని చుట్టాన్ని ఆపేటప్పుడు అనే మాట అది. ఫ్లెమింగ్ రాసిన వాక్యం కూడా అలాంటి మామూలు మాటే. గొప్ప దుఃఖాన్ని అంత మామూలు మాటలో పెట్టినందుకే అది గుండెలో దిగుతుంది.

ఉత్తర తెలంగాణ ఊళ్లలో చావు ఇంట ఆడవాళ్లు శోకాలు పెడతారు. పోయిన మనిషిని పేరు పెట్టి, వరస పెట్టి పిలుస్తారు. ఎందుకు పోయినవని, పిల్లల నెవరికి అప్పజెప్పినవని, లెవ్వమని అడుగుతారు. శోకంలో బతికున్నవాళ్లు ప్రశ్నిస్తారు, పోయినవాళ్లు జవాబివ్వరు. ఆ మౌనమే చావును ఒప్పుకునేలా చేస్తుంది. బాండ్ సరిగ్గా దానికి ఎదురు చేస్తున్నాడు. అతను ఆమెను ఏమీ అడగడు. ఆమె తరఫున తనే జవాబు చెబుతున్నాడు, అలసిపోయిందని, కాసేపట్లో లేస్తుందని. అడిగితే జవాబు రాదని అతనికి తెలుసు, అందుకే అడగడం లేదు. ఏడుపు లేని ఆ మాటలు శోకం కన్నా బరువుగా ఉండడానికి కారణం ఇదే.

ఆ మాట అప్పటికే ప్రేక్షకుడి చెవిలో పాటగా ఉంది. జాన్ బారీ స్వరపరచగా, హాల్ డేవిడ్ రాసిన పాటను లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడారు. సినిమా మధ్యలో ఇద్దరూ కలిసి తిరిగే దృశ్యాల మీద ఆ పాట వస్తుంది. అప్పటికే ఆర్మ్‌స్ట్రాంగ్ ఆరోగ్యం బాగా దెబ్బతింది. 1971 జూలైలో ఆయన పోయారు. సమయం అంతా మనదే అని పాడుతున్న గొంతుకు మిగిలిన సమయం ఎంత తక్కువో తెలిశాక ఆ పాటను మామూలుగా వినడం కష్టం. సినిమాలో ఇంకో మాట కూడా దీనితో జత కడుతుంది. వంశచిహ్నాల కార్యాలయంలో బాండ్‌కు తన వంశపు నినాదం చూపిస్తారు. దాని అర్థం 'లోకం కూడా చాలదు' అని. లోకమంతా ఉన్నా చాలదన్న వంశంలో పుట్టినవాడు, ఒక్క మనిషి పక్కనుంటే కాలమంతా తనదే అనుకున్నాడు.

దర్శకుడు పీటర్ హంట్‌కు ఇది మొదటి సినిమా. అంతకుముందు బాండ్ సినిమాలకు ఆయన ఎడిటర్. ఫైట్లలో చకచకా కత్తిరింపులు పెట్టే పద్ధతికి పేరు తెచ్చుకున్నది ఆయనే. ఈ సినిమా ఫైట్లలో కూడా ఆ వేగం కనిపిస్తుంది. కానీ కాల్పుల తర్వాత ఆ వేగమంతా ఆగిపోతుంది. కత్తెర పక్కన పెట్టి కెమెరాను ఆ ఇద్దరి దగ్గరే ఉంచేస్తారు. ఎక్కడ కత్తిరించకూడదో ఎడిటర్‌కే బాగా తెలుస్తుంది.

లాజెన్‌బీ నటుడు కాదు, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మోడల్. సినిమా అంతటా అతని అనుభవలేమి అక్కడక్కడా కనిపిస్తూనే ఉంటుంది. చివరి సీనులో మాత్రం అదే కలిసొచ్చింది. మొదటి టేకులో అతనికి నిజంగానే కన్నీళ్లు వచ్చాయని, బాండ్ ఏడవడని చెప్పి హంట్ మళ్లీ తీయించారని ఆ సినిమాకు పనిచేసినవాళ్లు తర్వాత చెప్పారు. ఆ నిర్ణయం సరైనదే. ఏడ్చేసి ఆపుకున్న ముఖం అది, ఎండిపోయి ఉంది. ఆరితేరిన నటుడైతే ఆ ఎండిన ముఖంలో కూడా ఏదో ఒకటి చేసి చూపించేవాడేమో. ఇతను ఏమీ చేయలేదు. తల వంచి, ఆమె ముఖానికి తన ముఖం ఆనించుకున్నాడు.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. సినిమాను పెళ్లితో ముగించి, ట్రేసీ చావును తర్వాతి సినిమా మొదట్లో పెట్టాలన్న ఆలోచన ఒక దశలో ఉండేదట. ఇక బాండ్‌గా చేయనని లాజెన్‌బీ తప్పుకోవడంతో రెండూ ఇందులోనే వచ్చాయి. అలా జరగడం ఈ సినిమా అదృష్టం. పెళ్లి ఒక సినిమాలో, చావు ఇంకో సినిమాలో ఉంటే, రెండేళ్ల తర్వాత చూసేవాడికి అది కథలో ఒక సమాచారం మాత్రమే. ఇక్కడ పెళ్లి సంగీతం చెవిలోంచి పోకముందే తుపాకీ పేలింది.

ఈ ముగింపులో తప్పు లేదా అంటే ఒకటి ఉంది. చిల్లుపడ్డ అద్దం మీద పాట రాగం సన్నగా వినిపించి ఆగుతుంది, వెంటనే పేర్లు పడుతుండగా బాండ్ థీమ్ సంగీతం హోరున మొదలవుతుంది. చావు ఇంటి ముందు బరాత్ బ్యాండ్ వాయించినట్టు ఉంటుంది. వ్యాపారం దుఃఖాన్ని పట్టించుకోదని చెప్పడానికే అలా పెట్టారని కొందరు సమర్థిస్తారు. ఆ వాదన తెలివైనదే కానీ ఒప్పించదు. హాల్లో కూర్చున్నవాడికి ఆ నిమిషంలో కావలసింది నిశ్శబ్దం. ఆ కాస్త నిశ్శబ్దం ఇచ్చి ఉంటే ఈ సినిమాకు వంక పెట్టే చోటే ఉండేది కాదు.

అంతకన్నా పెద్ద అన్యాయం తర్వాత జరిగింది. ట్రేసీని కాల్చింది బ్లోఫెల్డ్ కాదు. మంచుకొండ మీద మంచులో జారే బండిలో పారిపోతూ చెట్టు కొమ్మకు చిక్కి మెడ విరగ్గొట్టుకున్న అతను, మెడకు పట్టీతో కారు నడుపుతుంటాడు. కాల్చింది వెనక కూర్చున్న అతని అనుచరురాలు ఇర్మా బంట్. ఆ పాత్ర వేసిన జర్మన్ నటి ఇల్సే స్టెపట్ సినిమా విడుదలైన కొద్ది రోజులకే చనిపోయారు. ఇర్మా బంట్ మళ్లీ తెర మీదికి రాలేదు, ఆ హత్యకు శిక్ష పడనే లేదు. 1971లో కానరీ తిరిగి వచ్చిన 'డైమండ్స్ ఆర్ ఫరెవర్' బాండ్ బ్లోఫెల్డ్ కోసం ఆవేశంగా వెతకడంతో మొదలవుతుంది, కానీ ట్రేసీ పేరు ఎవరూ ఎత్తరు. కొద్ది నిమిషాల్లో అది మామూలు హుషారు సినిమా అయిపోతుంది. భార్య పోయిన మనిషి కథ కావాల్సింది, వజ్రాల స్మగ్లింగ్ కథ అయింది. 1977లో, 1989లో వచ్చిన సినిమాల్లో అతనికి ఒకప్పుడు పెళ్లయిందన్న ఒక్కో మాట దొర్లుతుంది, అంతే. 2021లో వచ్చిన 'నో టైమ్ టు డై' మాత్రం ఆర్మ్‌స్ట్రాంగ్ పాటను, ఆ ఆఖరి మాటను తిరిగి తెచ్చుకుంది. ఈసారి పోయింది బాండే.

ఆమెకు దక్కాల్సిన మర్యాద తెర మీద దక్కింది పన్నెండేళ్లకు. పెళ్లి సినిమాకు ఎడిటర్‌గా పనిచేసిన జాన్ గ్లెన్ 1981లో 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ'తో దర్శకుడయ్యారు. తన మొదటి సినిమా మొదటి సీనునే ఆమె సమాధి దగ్గర పెట్టారు. అప్పటికి బాండ్ రోజర్ మూర్. ముఖం మారింది, మనిషి అతనే. రాతి మీద ఆమె పేరు, 1943 నుంచి 1969 వరకు బతికిందన్న లెక్క, కింద ఆ పాత వాక్యమే చెక్కి ఉంటాయి. ఒకప్పుడు కారుకు కట్టిన పూలు తీయడానికి ఆగినవాడు ఈసారి పూలు తీసుకుని వచ్చాడు.

ఆ పెళ్లి సినిమాలో ఒకచోట బాండ్ కోపంతో రాజీనామా రాయిస్తాడు. మనీపెన్నీ ఆ కాగితాన్ని గుట్టుగా రెండు వారాల సెలవు చీటీగా మార్చేస్తుంది. ట్రేసీతో గడిపిన కాలంలో ఎక్కువ భాగం ఆ సెలవులోదే. సమాధి దగ్గర అతను నిలబడి ఎంతోసేపు కాకముందే చర్చి ఫాదర్ గబగబా నడుచుకుంటూ వస్తాడు. మీ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, మీ కోసం హెలికాప్టర్ పంపుతున్నారట, ఏదో అర్జంటు పని ఉందట అంటాడు. ఎప్పుడూ అర్జంటేలెండి అని బాండ్ ఆయనకు థాంక్స్ చెప్పి, హెలికాప్టర్ దిగే వైపు నడుస్తాడు.